షోకేసులో పాసైన పిల్ల

మా తమ్ముడు నోటితో అబద్ధమాడే మనిషి కాదు. చేతిలో కెమెరా ఉంది కాబట్టి నోటితో పని పడలేదు. ఈ చుట్టుపక్కల సగం మంది మొహాల మీద మొటిమలు తీసేసింది వాడే. మూసుకున్న కళ్లు తెరిపించాడు, బట్టతలల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించాడు, ఎప్పుడో పోయిన తాతగారిని తెచ్చి పెళ్లి గ్రూపులో మనవడి పక్కన నిలబెట్టాడు. వాళ్ల పనిలో దాన్ని టచింగ్ అంటారు. ఉన్నది తీసేయడం, లేనిది పెట్టడం. జనం సంతోషంగా తీసుకెళ్లి గోడకు తగిలించుకుంటారు. ఇది నా మొహం కాదని ఒక్కరూ వెనక్కి తెచ్చివ్వలేదు. ఏళ్ల తరబడి అదే పనిలో మునిగినవాడికి ఏది దిద్దొచ్చో, ఏది దిద్దకూడదో తెలియకుండా పోవడంలో వింతేముంది. ఇదంతా వాణ్ణి వెనకేసుకు రావడానికి చెబుతున్నాననుకునేరు. వాడి మీద నాకింకా కోపంగానే ఉంది.

నేను వాడికి అక్కను. కాపురం కలిసిరాక తమ్ముడి పంచన చేరానని కొందరంటారు. ఫోటోలు కత్తిరించేది, ఫ్రేములు కట్టేది, లామినేషన్ చేసేది నేనే కాబట్టి వాడే నా పంచన ఉన్నాడని నేనంటాను. కింద స్టూడియో, పైన ఇల్లు. వీధి వైపు అద్దాల షోకేసు ఉంటుంది. అందులో ఫోటో పడిందంటే ఆ మనిషి ఏదో సాధించినట్టు లెక్క.

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న మంచాన పడ్డాడు. వాణ్ణి బడి మాన్పించి ఒక స్టూడియోలో పెట్టారు. చీకటి గదిలో తడి ఫోటోలు తీగ మీద ఆరేయడంతో మొదలుపెట్టి, చివరికి ఆ ముసలాయన దగ్గర ఆ స్టూడియోనే తీసుకునేదాకా వచ్చాడు. పనిలో వంక పెట్టలేం. కానీ చదువుకున్నవాళ్లు ఎదురైతే చాలు, వాడి మెడ దానంతటదే వంగిపోతుంది. ఇక్కడి పెద్ద బడివాళ్లు ఏటా చదువు పూర్తయిన పిల్లలకు నల్ల గౌను, టోపీ వేసి వాడి చేతే ఫోటోలు తీయించేవారు. గౌన్లు మా స్టూడియోవే. ఆ రోజు కోసం వాడు ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. అక్కడ మాస్టార్లు వాణ్ణి పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఏమయ్యా ఫోటో, అయిందా?" అనేవారు. అయిందండీ అని నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం, "మన పిడుగు కూడా ఒకనాటికి ఆ వరసలో నిలబడుతుందక్కా, చూస్తూ ఉండు" అనేవాడు.

పిడుగంటే వాడి కూతురు. నడక రాకముందే కెమెరా స్టాండు పడగొట్టి ఆ పేరు తెచ్చుకుంది. వాళ్లమ్మ ఉన్నంతకాలం చదువు బాగానే సాగింది. మా మరదలికి జబ్బు చేసి ఆసుపత్రి పాలయ్యాక ఆ మంచం పక్కన కూర్చున్నది పిల్లే. నేను ఇల్లూ స్టూడియో చూసుకున్నాను. మా తమ్ముడు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, ఆ వాసనకు కళ్లు తిరుగుతున్నాయని వెనక్కి పోయేవాడు. మరదలు పోయింది. పిల్ల మళ్లీ బడికి వెళ్లింది గానీ అది ఆ పాత పిల్ల కాదు. ఎవరు పలకరించినా కయ్యానికి దిగేది. తల్లి పోయిందని ఎన్నాళ్లు సాకులు చెబుతావని ఒక మాస్టారు క్లాసులో అందరి ముందూ అన్నాడట. ఇది కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టింది. అద్దం పగిలి ముక్క తగిలి మాస్టారి చెవి తెగింది. పేరు కొట్టేశారు. ఆ తర్వాత ఏడాది పాటు పైగదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. ముందు పెడితే తినేది, లేకపోతే లేదు.

దాన్ని మంచం మీంచి లేపింది మిగిలినోళ్ల బడి. బోర్డు మీద అసలు పేరు వేరే ఏదో ఉంది గానీ అందరూ అలాగే అంటారు. ఏ బడీ ఉంచుకోని పిల్లలను చేర్చుకుని హైస్కూలు పట్టా దాకా తీసుకెళ్లే చోటు అది. మూతబడిన ఫర్నిచర్ షోరూము పై అంతస్తులో ఉంటుంది. నేను వెళ్లి చెప్పుకుంటే అక్కడి లెక్కల టీచరమ్మ మర్నాడే వచ్చింది. చంకలో హెల్మెట్‌తో మెట్లెక్కి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. లెమ్మని గానీ, చదువుకోమని గానీ అనలేదు.

"నువ్వు పగలగొట్టావే, ఆ అద్దం ఎంత మందం ఉంటుంది?" అని అడిగింది.

పిల్ల గోడకేసి చూస్తూనే "తెలీదు" అంది.

"సరే. కొలిచి చెప్పు. నేను పై అంతస్తులో ఉంటాను" అని టీచరమ్మ లేచి వెళ్లిపోయింది. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. ఆ వారంలోనే పిల్ల తల దువ్వుకుని ఆ మెట్లెక్కింది.

చేర్పించింది నేనే కాబట్టి ఆ బడి నేను చూశాను. అక్కడ తరగతులుండవు, బల్లలుంటాయి. ఎవరి పాఠం వాళ్లది, ఎవరి వేగం వాళ్లది. పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాడు డ్యూటీ దిగి చేతులకు ఆ వాసనతోనే వస్తాడు. ఒక చంటిబిడ్డ తల్లి బిడ్డను భుజాన వేసుకుని జోకొడుతూ చరిత్ర చదువుతుంది. పోలీసు స్టేషన్లో సంతకం పెట్టి ఇటొచ్చేవాళ్లూ ఉన్నారు. ఎవరెంత ఆలస్యంగా వచ్చినా టీచరమ్మ "వచ్చావా, కూర్చో" అంటుంది. ఇంకో మాట ఉండదు. మా పిడుగు అక్కడ కుదురుకుంది. మా తమ్ముడు మాత్రం ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. అటువైపు పనిబడితే పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

ఇంతలో పెద్ద బడివాళ్ల ఫోటోల రోజు వచ్చింది. పిడుగుతో పాటు చదివిన పిల్లలంతా ఆ ఏడు పాసయ్యారు. తల్లిదండ్రులు బిలబిలమంటూ స్టూడియోకి వచ్చి, "మీ అమ్మాయిది ఎక్కడండీ, కనబడదేం?" అని అడగడం మొదలుపెట్టారు. వాడు లెన్సు తుడుచుకుంటూ మాట మార్చేవాడు. ఆ సాయంత్రం పిల్లను కిందికి పిలిచాడు. "లైటు చూసుకోవాలి, ఒక్క నిమిషం నిలబడు" అన్నాడు. మనుషులు రాకముందు ఎవరినో ఒకరిని నిలబెట్టి వెలుగు సరిచూసుకోవడం వాళ్ల పని పద్ధతి. చిన్నప్పటి నుంచీ ఆ నిలబడేది మా పిడుగే. నలుపు మీద లైటు ఎలా పడుతుందో చూడాలని గౌను కూడా వేశాడు. అది మొహం మాడ్చుకుని నిలబడింది. టోపీలో నీ తల సీసా మూతలా ఉందే అని నేనంటే ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మీద వాడు క్లిక్‌మనిపించాడు.

మర్నాడు షోకేసు నడిమధ్యలో ఆ ఫోటో నిలువెత్తున ఉంది. అడిగినవాళ్లకు, వాళ్లమ్మమ్మ ఊళ్లో ఉండి చదివి పాసైందని చెప్పాడు. ఏడాది పాటు పిల్ల ఎవరికీ కనబడలేదు కదా, అందరూ నమ్మారు. నేను చెడామడా తిట్టాను. "దాని మంచికే కదక్కా, జనం నోరు మూయించాను" అన్నాడు. పిల్ల ఆ ఫోటో ముందు నిలబడి కాసేపు చూసి పైకి వెళ్లిపోయింది. అప్పుడే రెండు తగిలించి ఆ ఫ్రేము దింపించి ఉండాల్సింది.

ఎదురుగా మందుల షాపాయన ఉన్నాడు. ఆయనకు తెలిస్తే వీధికంతా తెలిసినట్టే. పిల్ల పాసైందని మంచి పెన్ను కొనిచ్చాడు. కాదనడానికి లేదు, తీసుకుంది. ఇక ఆ రోజు నుంచి దాని బతుకు దొంగ బతుకైపోయింది. పాసైన పిల్ల బడికెలా వెళుతుంది మరి. ఫోటో పేపరు ఖాళీ పెట్టెల్లో పుస్తకాలు పెట్టుకుని, పెరటి సందులోంచి, ఏదో సరుకు ఇచ్చి వస్తున్నట్టు వెళ్లేది. "ఇప్పుడేం చదువుతున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే చెప్పులకేసి చూసేది. కంప్యూటర్ కోర్సండీ అని పక్కనుంచి మా తమ్ముడు అందుకునేవాడు. ఒకరోజు నాతో, "నేను పాసైపోయాను కదత్తా, ఇంకా ఈ లెక్కలన్నీ దేనికి చేస్తున్నానో అర్థం కావడం లేదు" అంది. నవ్వుతూనే అంది.

అయినా చదివింది. పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా గట్టెక్కింది. ఆఖరిది ఒకటి మిగిలింది. ఆ బడిలో పట్టా రావాలంటే పరీక్షలు రాస్తే చాలదు. ఎవరి పేటలో వాళ్లు, తమను ఎరిగిన జనం ముందు నిలబడి, నేర్చుకున్నది చేసి చూపించాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆ పిల్లలు ఎక్కడ తల దించుకున్నారో అక్కడే ఎత్తాలని టీచరమ్మ పట్టుదల. మిగతా పిల్లలకు అది భయం. మా పిల్లకు అది భయం కాదు, అడ్డుగోడ. ఈ వీధి జనం ముందు నిలబడి, హైస్కూలు పట్టా కోసం వచ్చానంటే వాళ్ల నాన్న పరువు ఏం కావాలి? నేను చెయ్యనని టీచరమ్మతో చెప్పేసింది. ఎందుకని అడిగితే పుస్తకాల పెట్టె తీసుకుని వచ్చేసింది.

ఆ సంగతేమిటో కనుక్కుందామని టీచరమ్మ స్టూడియోకి వచ్చింది. అప్పుడు స్టూలు మీద మందుల షాపాయన కూర్చుని ఉన్నాడు. మా తమ్ముడు ఆయన గడ్డం పట్టుకుని ఇటూ అటూ సర్దుతున్నాడు. పక్కనున్న తెర చాటున, మొహం మీదకు వెలుగు మళ్లించే తెల్ల చట్రాన్ని తెర అంచు బయటికి పట్టుకుని పిడుగు నిలబడి ఉంది. నేను కత్తిరింపు బల్ల దగ్గర ఉన్నాను. టీచరమ్మ బడి పేరు చెప్పి, పిల్ల పేరు చెప్పి, "మీరు ఆ అమ్మాయి నాన్నగారే కదండీ?" అంది.

మందుల షాపాయన మెడ తిప్పి చూశాడు. మా తమ్ముడు ఆయన గడ్డాన్ని మళ్లీ ముందుకు తిప్పాడు. "కాదండీ. ఆ బడికొచ్చే పిల్లలెవరూ మా ఇంట్లో లేరు. పొరపాటు పడ్డట్టున్నారు" అన్నాడు.

టీచరమ్మ షోకేసు వైపు చూసింది. అంత పెద్ద ఫోటో కనబడకుండా ఎలా ఉంటుంది. అంతా అర్థమైనట్టుంది, "ఏమనుకోకండి" అని వెళ్లిపోయింది. తెర వెనక చట్రాన్ని చప్పుడు కాకుండా గోడకు ఆనించి పిల్ల మెట్లెక్కింది. అది తలుపు ధడేలున వేసినా బాగుండేది.

మందుల షాపాయన వెళ్లేదాకా ఆగి, వాడి ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"ఒరేయ్, అది తెర వెనకే ఉందిరా."

"తెలుసక్కా."

"తెలిసే అన్నావా?"

"పట్టుకోమని నిలబెట్టింది నేనే కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు నోరెలా వచ్చిందిరా? కన్నకూతురిని చూసి సిగ్గుపడేంత పని ఏం చేసిందిరా అది?"

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. లైట్లు వాడి మొహం మీద వెలుగుతూనే ఉన్నాయి. "దాన్ని చూసి కాదక్కా. వాళ్లమ్మ దగ్గర కూర్చోవలసింది నేను. నేను కూర్చుని ఉంటే అది బడి మానేది కాదు. ఆ బడి పేరు ఎవరన్నా ఎత్తితే నాకు అదే గుర్తొస్తుంది. చచ్చిపోవాలన్నంత సిగ్గేస్తుంది" అన్నాడు.

"అయితే నువ్వు సిగ్గుపడు. దాన్నెందుకు దాస్తావు?" అని పైకి వచ్చేశాను. వాడి మీద జాలిపడే ఓపిక నాకు ఆ పూట లేదు.

తెల్లారేసరికి షోకేసులో ఫోటో లేదు. వాడే దింపి, వెనక గదిలో గోడ వైపు తిప్పి పెట్టాడు. జనం అడగకుండా ఉంటారా? ఫోటో ఏదండీ అని వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు. "అది అబద్ధపు ఫోటో అండీ. మా అమ్మాయి ఇంకా హైస్కూలు పాసవలేదు, చదువుతోంది" అని ప్రతివాళ్లకూ చెప్పాడు. నేల చూపులు చూస్తూ చెప్పాడు, కానీ చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు అయ్యో అన్నారు. పెద్ద బడివాళ్లు ఈసారి ఫోటోలకు వేరే అతన్ని పిలిచారు. వాడు మొదటిసారి మిగిలినోళ్ల బడి మెట్లెక్కి, మా అమ్మాయికి ఇంకొక్క అవకాశం ఇవ్వండని అడిగాడు. "గడువు ఇంకా ఉందండీ. ఒప్పుకోవలసింది మీరు కాదు, తను" అంది టీచరమ్మ. ఒక్క మాట తూలలేదు. తిట్టి ఉంటే వాడికి కాస్త తేలికయ్యేది.

పిల్ల ఒప్పుకోలేదు. వాడు పైకి వచ్చి, అందరికీ నిజం చెప్పేశానమ్మా, ఇక నువ్వు వెళ్లొచ్చు అన్నప్పుడు అది బట్టలు మడతపెడుతోంది.

"అప్పుడు నీ పరువు కోసం గౌను వేశావు. ఇప్పుడు నీ మనసు కుదుటపడాలని నిలబడమంటున్నావు. నా కోసం ఏదన్నా చేశావా?" అంది. వాడు దిగి వెళ్లిపోయాడు.

మరో రెండు రోజులకు పిల్ల వీధిలోంచి కోపంతో ఊగిపోతూ వచ్చింది. తలనొప్పి మాత్రకని పంపితే మాత్ర లేకుండా వచ్చింది. మందుల షాపాయన కౌంటరు దగ్గర పదిమంది ముందూ, "నీకు పెన్ను ఇచ్చాను కదమ్మా, నాతో కూడా పాసైనట్టు నటించావే" అన్నాడట. అక్కడున్న ఒకావిడ, ఈ కాలం పిల్లలు తండ్రులనే బోల్తా కొట్టిస్తున్నారు అందట. అప్పుడు నాకు వెలిగింది. మా తమ్ముడు అది అబద్ధపు ఫోటో అని ఊరంతా చెప్పాడు. ఎవరి అబద్ధమో ఒక్కరికీ చెప్పలేదు. జనం పిల్లదనుకున్నారు.

పిల్ల నేరుగా వాడి ముందుకు వెళ్లింది. "ఆ అబద్ధం ఎవరిదో చెప్పావా నాన్నా?" అని అడిగింది.

వాడు ఆలోచించాడు. మా తమ్ముడి మొహం అలా పాలిపోవడం మరదలు పోయిన రోజు చూశాను, మళ్లీ అప్పుడు చూశాను. "చెప్పానే అనుకున్నానమ్మా" అన్నాడు. నిజంగానే అనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నిజం చెబుతూ కూడా తన మొహం ఒక్కటీ ఫోటోలోంచి తీసేశాడు.

"నేను నిలబడతాను. నీ కోసం కాదు. నేను మోసగత్తెను కానని ఈ వీధికి తెలియాలి" అంది పిల్ల.

ఆ ఆఖరి పరీక్ష మా వీధి చివర లైబ్రరీ హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక గోడ వెంట నిలబడ్డారు. చదువు మీద ప్రేమతో కాదు, వింత చూడటానికే సగం మంది వచ్చారు. మందుల షాపాయన ముందు వరసలో ఉన్నాడు. బంకు కుర్రాడు, చంటిబిడ్డ తల్లి ఒక పక్కన సర్దుకున్నారు. మా తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. చేతిలో కెమెరా లేకపోవడంతో ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని నలుపుకుంటున్నాడు.

పిడుగు వెలుగు గురించి చెప్పింది. దీపాన్ని మనిషికి రెండింతలు దూరం జరిపితే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుందని లెక్క కట్టి చూపించింది. దీపం జరుపుతూ, లైటు మీటరుతో వెలుగు కొలుస్తూ, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఒక అంకె తప్పు వేసి, తనే చూసుకుని, తుడిచి మళ్లీ వేసింది. బడివాళ్లు అడిగినవాటికి జవాబులు చెప్పింది. పట్టా ఇవ్వవచ్చని వాళ్లు అక్కడికక్కడే రాసుకున్నారని తర్వాత తెలిసింది. చివరగా ఇంటివాళ్లు ఒకరు లేచి, ఏదో ఒకటి అడగాలి. అదీ ఆ బడి పద్ధతే. మేం ముందే అనుకున్నాం, నేనే లేవాలని. నేను లేవబోతుంటే మా తమ్ముడు నా భుజం నొక్కి తను లేచాడు.

టీచరమ్మ రాసుకోవడానికి పెన్ను తీసింది. "తమరు అమ్మాయికి ఏమవుతారండీ?" అంది. అందరినీ అడిగినట్టే అడిగింది.

హాలంతా వాడికేసే చూస్తోంది. "ఏమీ కానని ఇదివరకు మీతోనే అన్నానండీ" అన్నాడు చివరికి. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నేను తల దించుకున్నాను. చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు బోర్డు దగ్గర నుంచి పిల్ల గొంతు వినబడింది. "మా నాన్నండీ. రాసుకోండి" అంది. నవ్వలేదు, ఏడవలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. టీచరమ్మ రాసుకుంది.

"అడగండి" అంది.

"ఆ గౌను ఫోటో తీసినప్పుడు" అని వాడు ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ ఫోటో తీసినప్పుడు, నిన్ను ఎందుకు నిలబడమన్నానమ్మా?"

పిల్ల వాడికేసి చూసింది. వాడేం అడుగుతున్నాడో, ఎవరి కోసం అడుగుతున్నాడో దానికి అర్థమైంది. "లైటు చూసుకోవాలన్నావు" అంది.

"షోకేసులో పెడతానని నీతో చెప్పానా?"

"చెప్పలేదు."

"పాసైనట్టు నటించమని నువ్వు అడిగావా?"

"అడగలేదు." ఈ మాట హాలుకేసి తిరిగి చెప్పింది.

మందుల షాపాయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. వాడు అడగాల్సింది అయిపోయింది. కానీ కూర్చోవడం మరిచిపోయినవాడిలా చేతులు వేలాడేసి, తల వంచుకుని ఆ వరస మధ్యలో అలాగే నిలబడిపోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగినా కదల్లేదు.

"కూర్చో నాన్నా" అంది పిల్ల, బోర్డు తుడవడానికి అటు తిరుగుతూ. "వెనకవాళ్లకు కనబడటం లేదు."